జెడ్పీటీసీ గారు, సార్ గారు, కాటన్ దొర: ఈసారి మీ ప్రశ్నలన్నీ పిలుపుల మీదే

పోయిన సంచికలో ఏదో జవాబు రాస్తా రాస్తా "కలెక్టర్ గారు వచ్చాడు" అని రాసేశానండి, ప్రూఫు చూసే అబ్బాయి కూడా వదిలేశాడు, ఇక అప్పట్నుంచీ ఉత్తరాలే ఉత్తరాలు. గారు అని పెట్టి వచ్చాడు అంటావా అని తిట్టినోళ్ళు కొందరు, అసలు కలెక్టర్‌కి గారు ఎందుకండీ మన డబ్బుల్తోనే గదా జీతం అన్నోళ్ళు కొందరు. తప్పు నాదే, ఒప్పుకున్నా. ఈసారికి మిగతా ప్రశ్నలన్నీ పక్కనబెట్టి (వేరుశెనగ నూనె మంచిదా రైస్ బ్రాన్ మంచిదా అని మూడోసారి అడిగిన గుణదల ఆవిడ కూడా క్షమించాలి) ఈ హోదాలు, బిరుదులు, పిలుపుల గొడవే చూద్దాం.

*మా ఊళ్ళో సర్పంచ్‌ని అందరం ప్రెసిడెంట్ గారనే అంటాం. బోర్డు మీద మాత్రం సర్పంచ్ అని ఉంటది. సెలవులకొచ్చిన మనవరాలు, తాతా ప్రెసిడెంట్ అంటే ఢిల్లీలో గదా ఉండేది అని అడిగింది. ఏం చెప్పమంటారు?*
– ఒక రైతు, కొల్లిపర దగ్గర

ఇద్దరూ ప్రెసిడెంట్లేనని చెప్పండి, కాకపోతే మీ ఊరాయన పాతకాలం ప్రెసిడెంటు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1950లో వచ్చిన పంచాయతీ చట్టంలో ఆ పదవి పేరు ప్రెసిడెంటే. తర్వాత 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం వచ్చి సర్పంచ్ చేసింది. అంటే పేరు మారి 60 ఏళ్ళు దాటింది, మీ రచ్చబండ దాకా ఆ కబురు ఇంకా రాలా, అంతే. మా ఊరి దాకా కూడా రాలా లెండి.

కరణం మునసబులదీ ఇదే కథ. 1984లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం ఆ పదవులే ఎత్తేసింది, అయినా మా అమ్మమ్మ గారి ఊళ్ళో ఇప్పటికీ కరణంగారిల్లు అంటేనే దారి చెప్తారు. ఆ ఇంట్లో ఇప్పుడు అద్దెకుంటుంది సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన. కొత్తగా వచ్చిన కొరియర్ అబ్బాయి గేటు దగ్గర నిలబడి "కరణంగారంటే మీరేనా అండీ" అంటే ఈయన "ఆ, చెప్పు" అన్నాడంట. పదవి పోయినా పిలుపు ఇల్లు ఖాళీ చేయలేదన్నమాట.

ఇంకొకటి చూడండి, తహసీల్దార్. తహసీల్ అంటే అరబ్బీలో వసూలు, దార్ అంటే పారసీలో ఆ పని చేతిలో ఉన్నవాడు, రెండూ కలిపి శిస్తు వసూలుచేసే ఆఫీసరు. మనోళ్ళు నోట్లో వేసుకుని నున్నగా అరగదీసి తాసీల్దారు చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినప్పుడు ఆయన్ని ఎమ్మార్వో అన్నారు, కొన్నేళ్ళకి మళ్ళీ బోర్డు మీద తహసీల్దార్ అని రాయించారు, ఆ లోపు జనానికి ఎమ్మార్వో అలవాటైపోయింది. ఇప్పుడు ఆటో ఎక్కి తహసీల్దార్ కార్యాలయం అనండి, అదెక్కడండీ అంటాడు, ఎమ్మార్వో ఆఫీసంటే తిన్నగా తీసుకెళ్ళి దింపుతాడు. ప్రభుత్వం మార్చిన పేరు జనం నోటికెక్కేసరికి ప్రభుత్వం ఇంకో పేరు పెట్టేస్తది, ఇది ఎప్పుడూ ఉండేదే.

కానీ అన్నింట్లోకీ నాకు ఇష్టమైంది జెడ్పీటీసీ గారు. ఎప్పుడన్నా ఆలోచించారా, జెడ్పీటీసీ అంటే జిల్లా పరిషత్ టెరిటోరియల్ కాన్‌స్టిట్యుయెన్సీ, అంటే అది మనిషి కాదు, నియోజకవర్గం! దానికి ఎన్నికైన ఆయన జెడ్పీటీసీ మెంబరు. మనం మెంబర్ని తీసేసి నియోజకవర్గానికే గారు తగిలించి, జెడ్పీటీసీ గారు భోంచేశారా, ఎంపీటీసీ గారి అమ్మాయి పెళ్ళి అంటా హాయిగా బతికేస్తున్నాం. పెళ్ళి శుభలేఖలో కూడా అట్టాగే వేస్తారు. తప్పేనా అంటే తప్పే, కానీ దిద్దమని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే దిద్దితే పెళ్ళిలో ఎవరికీ అర్థం కాదు.

*మా స్కూల్లో పిల్లలు సార్ గారు, మేడమ్ గారు అంటున్నారు. సార్ అంటేనే గౌరవం గదా, మళ్ళీ గారు ఎందుకు? దిద్దాలా?*
– ఒక టీచరమ్మ, బ్రాడీపేట, గుంటూరు

దిద్దొద్దండీ. ఇంగ్లీషు లెక్కన డబుల్, నిజమే. కానీ తెలుగు చెవికి సార్ అనేది ఇప్పుడు గౌరవం కాదు, ఉద్యోగం పేరు. లెక్కల సారు, డ్రిల్లు సారు, కరెంటు సారు. ఉద్యోగం పేరు అయ్యాక గౌరవం విడిగా కావాలి గదా, అందుకని గారు. ఇంకాస్త భయముంటే "సార్ గారండీ" అంటారు, అక్కడికి మూడు. మా పక్కింటాయన బ్యాంకు లోను కోసం వెళ్ళి "మేనేజర్ సార్ గారండీ" అన్నాడు. నాలుగు అన్నమాట. లోను మాత్రం రాలేదు.

మాష్టారు సంగతి ఇంకా బాగుంటది. ఇంగ్లీషు మాస్టర్ వచ్చి మన దగ్గర మాష్టారు అయింది, చివర ఆ "ఆరు" పడటంతో వారు, మీరు, వచ్చారు అన్న మన గౌరవ బహువచనం వరసలోకి దానంతట అదే వచ్చి కూర్చుంది. అందుకే డాక్టరొచ్చాడు, లాయరొచ్చాడు అని వినపడతది గానీ మాష్టారొచ్చాడు అని నోరు తిరగదు, తిప్పి చూడండి. మాష్టారొచ్చారు, అంతే. నేను కలెక్టర్ దగ్గర పప్పులో కాలేసింది కూడా ఇక్కడే: తెలుగులో గౌరవం ముందున్న బిరుదులో ఉండదు, చివరున్న క్రియలో ఉంటది. ముందు శ్రీశ్రీశ్రీ అని ఎన్ని పెట్టినా చివర్లో "చెప్పాడు" అంటే మొత్తం పోయినట్టే.

ఇంకో సరదా ఏంటంటే మాష్టారు, తాపీ మేస్త్రి, మేజిస్ట్రేటు, ఈ ముగ్గురూ ఒకే ఇంటోళ్ళు. మూలం లాటిన్‌లో మాజిస్టర్, అంటే పెద్ద, పని తెలిసినవాడు. పోర్చుగీసు వాళ్ళ మెస్త్రే ఓడల్లో వచ్చి మన మేస్త్రి అయింది, ఇంగ్లీషు వాళ్ళ మాస్టర్ బళ్ళో మాష్టారయ్యాడు, కోర్టులో మేజిస్ట్రేటయ్యాడు. ఒకే తాత మనవళ్ళు, ఒకడు గోడ కడతాడు, ఒకడు గోడకుర్చీ వేయిస్తాడు, ఇంకొకడు నాలుగ్గోడల మధ్యకి పంపిస్తాడు. (ఇది నా సొంత జోకు, బాగాలేదని మా ఆవిడ ముందే చెప్పింది.)

*మావాడు ఆర్మీలో ఆఫీసరుగా చేరాడు. వాడికంటే కింద ర్యాంకు అయిన సుబేదార్‌ని వాడే సాబ్ అని పిలుస్తున్నాడు. ఫోన్లో విన్నా. ఇదేంటి?*
– ఒక తండ్రి, తెనాలి

కంగారు పడకండి, మీవాడు మర్యాదగానే ఉన్నాడు. మన ఆర్మీలో నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అని మధ్య వరస ఒకటి ఉంటది, జేసీవోలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) అంటారు, సిపాయిగా చేరి పాతికేళ్ళ సర్వీసుతో పైకొచ్చినోళ్ళు. వాళ్ళని కింద ఉన్న జవాన్లూ సాబ్ అంటారు, పైనున్న ఆఫీసర్లూ సాబ్ అంటారు. ఆఫీసర్ని మాత్రం సర్ అంటారు. నిన్నగాక మొన్న వచ్చిన లెఫ్టినెంటు భుజం మీద నక్షత్రాలు ఎక్కువ బరువే కావచ్చు, కానీ ఆ సుబేదార్ సాబ్ మీసం తెల్లబడేటప్పటికి ఈ అబ్బాయి పుట్టి కూడా ఉండడు. ర్యాంకు ఒక పక్కకి పోతే పిలుపు ఇంకో పక్కకి పోవడం నాకు తెలిసి ఇంత పద్ధతిగా ఇంకెక్కడా లేదు.

ఇంగ్లీషు సైన్యాల్లో కూడా కాగితం మీద పేరు ఒకటి, నోట్లో పేరు ఒకటి. సార్జెంటుని సార్జ్ అంటారు, డాక్టర్ని డాక్ అంటారు, ఓడ కెప్టెన్‌ని స్కిప్పర్ అంటారు, కమాండింగ్ ఆఫీసరు వయసు నలభై అయినా సరే ఆయన చాటున ది ఓల్డ్ మ్యాన్, అచ్చం మన పెద్దాయన లాగా. బ్రిటిష్ నేవీలో ఫస్ట్ లెఫ్టినెంటుకి జిమ్మీ అని ముద్దుపేరు. పై ఆఫీసర్లంతా కలిపి బ్రాస్ హ్యాట్లు, టోపీ మీద మెరుపు చూసి పెట్టిన పేరు, మనం బిళ్ళ బంట్రోతు అన్నట్టే, కాకపోతే మన ఇత్తడి బిళ్ళ బంట్రోతుకి, వాళ్ళ ఇత్తడి జనరల్‌కి.

బిరుదుల మీద కూడా వాళ్ళు బాగా ఆడుకుంటారు. సీఎంజీ అని వాళ్ళ విదేశాంగ ఉద్యోగులకి ఇచ్చే బిరుదు ఒకటుంది, దాన్ని ఆఫీసులో వాళ్ళే "కాల్ మీ గాడ్" అని విడదీశారు, అంటే నన్ను దేవుడా అని పిలువు అని. దానిపైన కేసీఎంజీ, "కైండ్లీ కాల్ మీ గాడ్", దయచేసి పిలువు. ఆపైన జీసీఎంజీ, "గాడ్ కాల్స్ మీ గాడ్", దేవుడే నన్ను దేవుడా అంటాడు అని. మన సచివాలయంలో ఇట్టాంటివి లేకుండా ఉండవు, ఎవరికన్నా తెలిస్తే రాయండి, మీ పేరు వేయం.

*ప్రకాశం బ్యారేజి దగ్గర మా లెక్చరర్ సర్ ఆర్థర్ కాటన్ అన్నారు, మా తాత కాటన్ దొర అంటాడు. ఏది కరెక్టు?*
– డిగ్రీ స్టూడెంట్, సీతానగరం

సర్ అనేది వాళ్ళ రాణి ఇచ్చింది, 1861లో. దొర అనేది మనోళ్ళిచ్చింది. రెండూ కరెక్టే గానీ రాణిగారిచ్చింది పుస్తకాల్లో ఉంది, మనోళ్ళిచ్చింది నోట్లో ఉంది. కృష్ణ మీద బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1855కల్లా పూర్తయింది, పథకం కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఆర్ అనే ఇంకో ఇంజనీరు. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు పాపం, దొర అనిపించుకోలేకపోయాడు. ఆ ఆనకట్ట పోయి 1957లో బ్యారేజి వచ్చింది, దానికి ప్రకాశం గారి పేరు. ఆయనేమో బారిస్టరు, ఆంధ్ర రాష్ట్రం మొదటి ముఖ్యమంత్రి, కానీ జనానికి ప్రకాశం పంతులు, ఆంధ్రకేసరి. అంటే ఒకే నీళ్ళ మీద ఒక దొర, ఒక పంతులు, ఇద్దరి అసలు హోదాలు మాత్రం నీళ్ళలో కలిసినయ్.

అయితే దొర అన్నమాట అన్నిచోట్లా ఒకలాగా ఉండదు బాబూ. మన డెల్టాలో కాటన్ దొర, బ్రౌను దొర అంటే అభిమానం. తెలంగాణలో పాతతరం వాళ్ళ ముందు దొర అనండి, వెట్టిచాకిరీ గుర్తొస్తది. మాట ఒకటే, మోసిన భుజాలు వేరు.

*మా పొలం కౌలుకి చేసే ఆయన నన్ను కామందు గారూ అంటాడు. నేను బెజవాడలో అపార్ట్‌మెంట్లో ఉంటా, ఈఎంఐలు కట్టలేక చస్తున్నా. వినడానికి ఇబ్బందిగా ఉంటది.*
– పటమట నుంచి ఒకరు

కామందు అంటే పారసీ ఖావంద్, యజమాని, ప్రభువు. మోతుబరి కూడా అటునుంచి వచ్చిందే, ముఅతబర్, అంటే నమ్మదగినవాడు, పరపతి ఉన్నవాడు. చివరికి రైతు అన్న మాట కూడా అరబ్బీ రయ్యత్ నుంచే, అంటే పాలించబడేవాడు. మన కృష్ణా గుంటూరు జిల్లాల పొలం గట్టు మీద సగం హోదాలు నవాబుల దఫ్తరు నుంచి దిగినవే. మీకు ఇబ్బందైతే పేరు పెట్టి పిలవమనండి, పిలవడు, నాకు తెలుసు. అన్నా అనమనండి, అంటాడు. ఇంకా ఇబ్బందిగా ఉంటే కౌలు రెండు బస్తాలు తగ్గించండి.

*మా బాబాయికి ఏదో సంస్థ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. విజిటింగ్ కార్డు మీద డాక్టర్ అని వేయించుకున్నాడు. రేపు పద్మశ్రీ వస్తే అది కూడా వేసుకుంటాడా?*
– సత్యనారాయణపురం, విజయవాడ

పద్మశ్రీ వేసుకోకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం సైన్యం ర్యాంకులు, చదువు డిగ్రీలు తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదులివ్వకూడదు. అంతకుముందు రావుసాహెబు, రావుబహద్దూరు, దివాన్ బహద్దూరు అని తెల్లోళ్ళు పంచిపెట్టేవాళ్ళు, మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు కూడా రావుబహద్దూరే, వాటికి తలుపు మూశారన్నమాట. మరి 1954 నుంచి ఇచ్చే పద్మ అవార్డులేంటి అని కోర్టుకెళ్తే, 1995లో సుప్రీంకోర్టు అవి బిరుదులు కావు, అవార్డులే, కాబట్టి పేరుకి ముందూ వెనకా తగిలించకూడదు అని తేల్చింది. సినిమా వేసేటప్పుడు పేరు ముందు పద్మశ్రీ పడిందని మన తెలుగు నటుల మీద హైకోర్టులో గొడవ కూడా జరిగింది.

గౌరవ డాక్టరేట్ వచ్చినోళ్ళు పేరు ముందు డాక్టర్ పెట్టుకోకపోవడమే మర్యాద. ఈ విషయంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం (1926లో మొదలైంది మన బెజవాడలోనే, నాలుగేళ్ళకి వాల్తేరు వెళ్ళిపోయింది) భలే పని చేసింది, తను ఇచ్చేదానికి కళాప్రపూర్ణ అని విడిగా పేరు పెట్టింది, ఇక పొద్దున్నే ఎవరూ వచ్చి బీపీ చూడమని అడగరు. మీ బాబాయి కార్డు చూసి అపార్ట్‌మెంట్లో ఎవరన్నా అర్ధరాత్రి తలుపు కొట్టేదాకా ఆగండి, ఆయనే తీసేస్తాడు. అయినా గుంటూరులో గుర్రం జాషువాగారి గురించి అడగండి, ప్రభుత్వమిచ్చిన పద్మభూషణ్ గుర్తొచ్చేది ఎందరికి, కవికోకిల అనే గదా అంటారు.

*నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా అంటారు. ఎవరాయన?*
– వన్‌టౌన్

1857 జులైలో హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికెళ్ళిన తుర్రేబాజ్ ఖాన్ పేరే అట్టా అయిందని చెప్తారు. నిజంగా తెగించిన మనిషి పేరుని మనం ఎగతాళికి వాడుకుంటున్నాం. కలెక్టరు, నవాబు, జమీందారు, వీళ్ళకీ ఇదే గతి: "వచ్చాడండీ కలెక్టరు, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు పెట్టండి."

*మేం కోర్టులో ఇంకా మైలార్డ్ అనాలా?*
– జూనియర్ లాయర్, గుంటూరు

అక్కర్లేదు. 2006లోనే బార్ కౌన్సిల్ హైకోర్టుల్లో యువర్ ఆనర్, కింది కోర్టుల్లో సర్ చాలంది; 2019లో హైకోర్టుల్లో మైలార్డ్ అన్నా ఫర్వాలేదని మార్చినా, మీ కింది కోర్టుల్లో ఆ మాట అవసరం లేదు. మీ సీనియర్ ఏమంటే మీరూ అదే అనండి, కేసు ముఖ్యం.

*నేను ఒక ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళు అటెండరుగా చేసి రిటైరయ్యా. అక్కడున్నన్నాళ్ళూ ఏమ్మా, ఇటురా, ఆయమ్మా ఇట్టాగే పిలిచారు. రిటైరైన రోజు ఫ్లెక్సీ మీద నా పేరు పక్కన గారు అని వేశారు, ఫొటో తీసుకుని ఇంట్లో పెట్టుకున్నా. పది రోజులకి పెన్షన్ కాయితాల పని మీద వెళ్తే అదే సెక్షన్లో పిల్లాడు, నా కొడుకు కంటే చిన్నోడు, "మళ్ళీ వచ్చావా" అన్నాడు. గారు ఒక్కరోజేనా?*
– ఒక పాఠకురాలు, అజిత్‌సింగ్ నగర్

అమ్మా, ఈ ఉత్తరం మూడుసార్లు చదివా. పైన అందరికీ గబగబా జవాబులు చెప్పినోణ్ణి మీ దగ్గర ఆగిపోయా. ఫ్లెక్సీ మీద గారు ప్రింటింగ్ షాపోడు వేసింది, దానికి డబ్బులివ్వక్కర్లేదు గనక వేశారు. నోట్లోంచి రావాల్సింది వేరే. సార్, మేడమ్ అయితే కుర్చీకి పోతయ్, అవి ఎటూ మనకి రావు, కానీ మీరు అన్న మాటకి కుర్చీతో పనేముంది, వయసు చాలదా. ఆ పిల్లాడు ఇంట్లో వాళ్ళమ్మని నువ్వే అంటాడు, ఆ నువ్వు వేరు, మీకు తగిలిన నువ్వు వేరు, ఆ తేడా వాడికీ తెలుసు, అందుకే కోపమొస్తది. ఈసారి వెళ్ళినప్పుడు "బాబూ మీరు ఎప్పుడు రమ్మంటారు" అని మీరే వాడిని మీరు అనండి, సిగ్గున్నోడైతే దిగొస్తాడు. లేనోడైతే పైన సూపర్నెంట్ దగ్గర కూర్చోండి, కాయితం కదిలేదాకా లేవొద్దు.

మీ ఉత్తరం చదివిన రోజు సాయంత్రం మా ఆఫీసుకి టీ తెచ్చే ఆవిడ వచ్చింది, ఎనిమిదేళ్ళుగా నువ్వనే అంటున్నా, నాకంటే పెద్దదే. "చక్కెర తక్కువేశారా మీరు" అన్నా. ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరన్నా వచ్చారేమోనని.